నూనె సారమ్మగారి మనవరాలి జడ

పోయిన నెల ఆకివీడులో బస్సు కోసం నిలబడి ఉంటే, మార్కెట్టు వైపు నుంచి సంచీ మోసుకుంటూ వస్తున్న ఒక పెద్దావిడ నా దగ్గర ఆగింది. ముఖం చూడలేదు. చుట్టూ తిరిగి ముందు నా జడ చూసింది, తర్వాత పాపిడి చూసింది, ఆ తర్వాత తీరిగ్గా కళ్ళలోకి చూసి, "నువ్వు నూనె సారమ్మగారి మనవరాలివి కదమ్మా" అంది. ఔనన్నాను. "జుట్టు బానే నిలబడిందే. అప్పట్లో మేమంతా నీకింక లేదనే అనుకున్నాం" అంది, పరామర్శకి వచ్చినావిడకి చచ్చిపోయినవాళ్ళే ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చినంత నిరాశగా. నలభై దాటినదాన్ని, తాడేపల్లిగూడెంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, నాలుగు పుస్తకాలు అచ్చు వేయించుకున్నదాన్ని. అవేవీ ఆవిడకి అక్కర్లేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో నా చరిత్రంతా నా తలమీదే రాసి ఉంది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, చేపల చెరువుల మీద ఎండ చూస్తూ గూడెం చేరేదాకా మా మామ్మనే తలుచుకుంటూ వచ్చాను.

సారమ్మ మా నాన్నగారి తల్లి. మేం మామ్మ అనేవాళ్ళం. ఆకివీడుకి అవతల, కొల్లేరు అంచున ఉన్న మా ఊళ్ళో నాన్న చేపల లారీలకి ఐసు ఎత్తించే పని చేసేవారు. అమ్మ ఊరి బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండేది. మామ్మ నూనె కాచేది. శనివారం పొద్దున్నే పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద ఇనప మూకుడు ఎక్కేది. కొబ్బరినూనె, అందులో గుంటగలగరాకు రసం, మందారాకు, కరివేపాకు, గుప్పెడు మెంతులు, చివర్న వట్టివేళ్ళు. ఆకు చిటపటలాడడం ఆగిపోయి, నూనె ముదురాకుపచ్చకి తిరిగేదాకా మామ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచేది కాదు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే చేత్తో ఆగమనేది, ప్రార్థనలో ఉన్నదానిలాగా. మా వీధిలో ఎప్పుడూ రెండే వాసనలుండేవి. ఆదివారం నుంచి శుక్రవారం దాకా చేపల వాసన, శనివారం మామ్మ నూనె వాసన. కళ్ళు మూసుకుని కూడా వారం చెప్పొచ్చు.

నూనె పోయడానికి సీసాలు కావాలి కదా. ఊళ్ళో తేరగా దొరికే సీసాలు ఒకే రకానివి. మా చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూటానికి పెద్ద అయిన మామ్మ, బ్రాందీ షాపు వెనక పారేసిన సీసాలు ఏరించి తెచ్చి, బూడిద నీళ్ళలో నానబెట్టి, కాగితం గోకి, వేడినీళ్ళతో మూడుసార్లు కడిగేది. కాగితం పూర్తిగా ఊడని సీసా ఒకటి పాస్టరుగారి భార్యకి వెళ్ళిందని, ఆవిడ బల్ల మీద దాన్ని చూసి పాస్టరుగారు ముందు వీధి తలుపు వేసొచ్చారని మా నాన్న చెప్పి నవ్వేవారు. మామ్మ నవ్వేది కాదు. "లోపలున్నది చూడాలి గానీ పైనున్నది కాదు" అనేది. తల విషయంలో ఆ మాట తన మీదికే తిరిగొస్తుందని అప్పటికి ఆవిడకి తెలీదు.

మామ్మ వ్యాపారానికి బోర్డు లేదు. బోర్డు నేనే. చిన్నప్పట్నుంచీ నా జడ మోకాళ్ళ దాకా ఉండేది, అరచేతికి చుట్టుపట్టనంత లావు. ఎవరైనా నూనెకి వస్తే మామ్మ నన్ను ఏదో ఒక పని మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిపించేది. "కరుణా, ఆ చెంబు ఇలా తే. కరుణా, వాకిట్లో కోడిపిల్ల ఉందేమో చూడు." వచ్చినవాళ్ళు చెంబునీ కోడిపిల్లనీ చూసేవాళ్ళు కాదు. ఇక మామ్మ కొప్పు సంగతి వేరే చెప్పాలి. అరవై దాటినా కొబ్బరికాయంత కొప్పు, నల్లగా, నున్నగా, మెడ మీద స్థిరంగా. ఆవిడ తల దువ్వుకోవడం ఇంట్లో ఎవరమూ చూడలేదు. మేం లేచేసరికే కొప్పు తయారై ఉండేది, సూర్యుడికన్నా ముందు.

మా ఇంట్లో అన్నం తినడానికి ఒక వరస ఉండేది. ముందు నాన్న, తర్వాత నేనూ తమ్ముడూ, తర్వాత అమ్మ, ఆఖర్న మామ్మ. ఎవరూ పెట్టిన వరస కాదు, మామ్మే పెట్టుకుంది. "మీరు తినండమ్మా, నాకింకా ఆకలి పుట్టలేదు" అనేది. ఆకలి పుట్టేసరికి కుండలో ముక్కలుండేవి కావు. పులుసులో అన్నం కలుపుకుని, పక్కన మాగాయ టెంక పెట్టుకుని, దాని మీద గ్లాసుడు టీ తాగేది. రోజుకి అయిదారుసార్లు టీ. మామ్మకి టీ ఇష్టమని మేమందరం అనుకునేవాళ్ళం. ఇష్టానికీ అలవాటుకీ తేడా చూసే వయసు కాదు నాది, తీరిక లేదు మిగతావాళ్ళకి.

ఇంటరయ్యాక నన్ను ఏలూరులో డిగ్రీలో చేర్పించి హాస్టల్లో పెట్టారు. కైకలూరు మీదుగా కొల్లేరు దాటి పోయే బస్సులో, సోమవారం పొద్దున్నే, ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని వెళ్ళేదాన్ని. అందులో చిన్న పరిగె చేపల పులుసో, బోచె చేప ముక్కల వేపుడో ఉండేది. అలా మొదటి మూడు నెలలు బాగానే గడిచాయి. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన విజయలక్ష్మి అని ఒకమ్మాయి క్లాసులో నా వెనక బెంచీలో కూర్చునేది. ఒకరోజు నా జడ చేతిలోకి తీసుకుని, "కరుణా, నీ వెనకాల కూర్చుంటే కొల్లేరు ఒడ్డున కూర్చున్నట్టే ఉంటుందే" అంది. పక్కనున్న ఇద్దరు నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. నా జడ చేపల వాసన వేస్తోందని నలుగురిలో అనేసింది అనుకున్నాను. విజయలక్ష్మి దృష్టిలో కొల్లేరంటే చిన్నప్పుడు వాళ్ళ నాన్న స్కూటరు మీద తీసుకొచ్చి చూపించిన తెల్లటి కొంగలు, కనుచూపు మేర నీళ్ళు, చల్లటి గాలి. నల్లగా, ఒత్తుగా, అంత పొడవున పరుచుకున్న నా జుట్టుని చూసి మెచ్చుకోలుగా అన్న మాట అది. ఈ సంగతి ఆమె పదేళ్ళ తర్వాత, తన పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక నాకు చెప్పింది. ఈలోగా నేను చెయ్యాల్సిందంతా చేసేశాను.

చేసిందేమిటంటే, చేపలు మానేశాను. చేపలతో పాటు గుడ్డు, మాంసం కూడా మానేశాను. అడిగినవాళ్ళకి, "మాది సాదా భోజనమండీ" అని చెప్పేదాన్ని, పుట్టినప్పట్నుంచీ అంతే అన్నంత నెమ్మదిగా. ఇంటి నుంచి తెచ్చిన క్యారేజీ ఏలూరు బస్టాండు దగ్గర పిల్లికి పెట్టేసి, కడుక్కుని హాస్టలుకి వెళ్ళేదాన్ని. ఆ పిల్లి ఆ ఏడాది ఎంత నిగనిగలాడిందో చెప్పలేను. హాస్టల్లో సాంబారులో పప్పు ఉందని వంటావిడ చెప్పేది, మేం నమ్మేవాళ్ళం. ఆకుకూర పెట్టిన రోజు జిగురుగా ఉందని వదిలేసేదాన్ని. పొద్దున టీ, బన్ను. మధ్యాహ్నం ఆవకాయన్నం. సాయంత్రం మరమరాల మిక్చరు, మళ్ళీ టీ. నడుము సన్నబడిందని అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా. పాలూ మజ్జిగా తాగుతూ పప్పులూ ఆకుకూరలూ శ్రద్ధగా తినే శాకాహారుల ఇళ్ళలో ఆడపిల్లల జడలు చక్కగానే ఉంటాయి. నాది శాకాహారం కాదు, పౌరుషాహారం.

రాలడం వెంటనే మొదలవలేదు. అందుకే దానికీ దీనికీ ముడి పెట్టుకోలేకపోయాను. కొన్ని నెలల తర్వాత ఒకరోజు తల స్నానం చేస్తే బాత్రూములో నీళ్ళు పోవడం మానేశాయి. వంగి చూస్తే తూము మీద నా జుట్టు ఉండలా చుట్టుకుని ఉంది. తర్వాత దిండు మీద, పుస్తకాల్లో, అన్నంలో. అన్నంలో వెంట్రుక వస్తే హాస్టలంతా నా వైపు చూసేది. పరీక్షల వంకతో చివరి మూడు నెలలు ఇంటికి వెళ్ళలేదు. వేసవి సెలవులకి వెళ్ళేసరికి పాపిడి రెండు వేళ్ళ వెడల్పైంది. జడ కింద చివర ఎలుక తోకలా మిగిలింది. గుమ్మంలో నన్ను చూసి అమ్మ చిక్కిపోయావంది. మామ్మ ఏమీ అనకుండా వెనక్కి తిప్పి, జడ చేత్తో పట్టుకుని తూకం వేసినట్టు చూసి, నేరుగా పెరట్లోకి వెళ్ళి మూకుడు కడగడం మొదలుపెట్టింది. ఆ రోజు శనివారం కాదు.

ఆ నెలన్నర నా తల మీద జరగని వైద్యం లేదు. పొద్దున మెంతుల ముద్ద, సాయంత్రం ఉల్లిపాయ రసం. కుంకుడు రసంలో మందారాకు. మామూలుగా వేసే దానికి రెండింతలు ఆకు వేసి కాచిన చిక్కటి నూనె. అన్నిటికీ మించి, మా కోళ్ళు పెట్టిన గుడ్లు. రోజు విడిచి రోజు రెండు గుడ్లు గిలక్కొట్టి నా తలకి పట్టించి, ఎండలో కూర్చోబెట్టేది. ఈగలు ముసిరేవి. ఊరకుక్క ఒకటి రోజూ ఆ వేళకి వచ్చి నా ఎదురుగా ఆశగా కూర్చునేది. ఒకరోజు అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి చూసి, "అత్తయ్యగారండీ, ఆ గుడ్లేవో పైన పూసే బదులు లోపలికి పంపిస్తే అవదంటారా" అంది.

"తినమంటే తినదు కదే. కాలేజీకెళ్ళి ఒద్దికలు నేర్చుకుంది" అంది మామ్మ.

"మరైతే నూనె తాగించండి" అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ ఎప్పుడూ అంతే. ఒక్క మాట అని వెళ్ళిపోతుంది, అది మూడు రోజులు ఇంట్లో తిరుగుతూ ఉంటుంది.

మామ్మ బాధ నా జుట్టొక్కటే కాదని నాకు తెలుస్తూనే ఉంది. బోర్డు మీద రంగు పోతోంది. నూనెకి ఎవరైనా వస్తే ఇప్పుడు నన్ను చెంబు తెమ్మనడం లేదు, లోపలికి పొమ్మంటోంది. ఆదివారం చర్చికి ముసుగు కొంచెం ముందుకి లాక్కోమంది. అయినా ఊరికి కళ్ళుంటాయి. కొల్లేరు మధ్య లంకగ్రామంలో పనిచేసే టీచరమ్మ ఒకావిడ, మామ్మకి ఎప్పట్నుంచో ఖాతాదారు, చర్చి బయట నిలబెట్టి మెత్తగా అడిగేసింది. "ఏవండీ సారమ్మగారూ, మీ కరుణకి మీ నూనె పడ్డం లేదా అండీ?"

మామ్మ నా ముసుగు ముందుకి సర్దింది. "దానికి టైఫాయిడ్ వచ్చి తగ్గిందండీ" అంది.

నాకు టైఫాయిడ్ రాలేదు. ఆ మధ్యాహ్నం మామ్మ అన్నం దగ్గర కూర్చుని, తినకుండానే చెయ్యి కడిగేసుకుంది. ముప్ఫయ్యేళ్ళుగా ప్రార్థన కూటంలో నిజం చెప్పమని అందరికీ చెప్పిన మనిషి, చర్చి మెట్ల మీద నిలబడి అబద్ధమాడింది, అదీ ఒక సీసా నూనె కోసం. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే రాదు.

సెలవులయ్యాక ఏలూరు తిరిగి వెళ్ళిన రెండో వారంలో హాస్టలు మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. వార్డెనమ్మ ఇంటికి ఫోను చేయించింది. నాన్నకి లోడింగు రోజు, అమ్మకి బడి. మామ్మ వచ్చింది. సంచీలో ఒక నూనె సీసా కూడా పెట్టుకుని వచ్చింది. తప్పు నూనెదో కాదో పరీక్ష చేయించి తేల్చుకోవాలని, నూనెదే అయితే మళ్ళీ కాచడం మానెయ్యాలని ఆవిడ బస్సులోనే నిర్ణయించుకుందట. లేడీ డాక్టరుగారి గదిలో కూర్చోగానే సీసా తీసి బల్ల మీద పెట్టింది. సగం గోకిన కాగితంతో ఉన్న ఆ బ్రాందీ సీసాని చూసి డాక్టరమ్మ మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"ఇది రోజూ తాగుతుందా అండీ?"

"అయ్యో, కాదండీ. తలకి" అంది మామ్మ.

డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి, "నూనె బావుంది" అని పక్కన పెట్టేసింది. నా కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, నాలుక చూసింది. ఏం తింటావని అడిగింది. నేను సాదా భోజనమన్నాను. ఆవిడ అంతటితో వదల్లేదు, నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నావో వరసగా చెప్పమంది. బన్ను, టీ, ఆవకాయ, టీ, మరమరాలు అని చెప్తూంటే, నా పక్కన మామ్మ నెమ్మదిగా నా వైపు తిరగడం తెలుస్తోంది.

"మరి నిరుడంతా సోమవారం సోమవారం క్యారేజీ ఇచ్చేం కదే" అంది మామ్మ.

పిల్లి సంగతి చెప్పాల్సి వచ్చింది. మామ్మ నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది.

రక్తపరీక్ష కాగితం వచ్చాక డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా చెప్పింది. వెంట్రుక గాలిలోంచి రాదండీ, మనం తిన్నదాంట్లోంచే అల్లుకుంటుంది అంది. చేప, గుడ్డు, పప్పు తింటే వచ్చే మాంసకృత్తులతో అది తయారవుతుంది. దానికి ఇనుము కావాలి, బి-12 కావాలి, ఇంకా కొన్ని కావాలి. ఈ అమ్మాయికి ఇనుము బాగా తగ్గిపోయింది, బి-12 కూడా అంతంతమాత్రమే. "ఒంట్లో తక్కువైనప్పుడు ఉన్నదాన్ని శరీరం ముందు గుండెకి ఇస్తుంది, మెదడుకి ఇస్తుంది. గోళ్ళకి, జుట్టుకి ఆఖర్నండీ. మిగిల్తేనే. లేకపోతే లేదు. పైగా ఇవాళ రాలేది ఇవాళ్టి తిండి వల్ల కాదు, రెండు మూడు నెలల కిందట తినకపోవడం వల్ల. మళ్ళీ రావడానికీ అంతకంత టైము పడుతుంది." మాత్రలు రాసింది. అన్నం తినగానే టీ తాగొద్దంది, తిన్న ఇనుముని టీ ఒంటికి పట్టనివ్వదని. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోమంది. తర్వాత ఆవిడ చూపు మామ్మ చేతుల మీద ఆగింది. "మామ్మగారూ, మీ గోళ్ళు ఒకసారి చూపిస్తారా?"

గోళ్ళు చూసింది. కనురెప్ప లాగింది. తల కూడా చూస్తానంది.

"నాదేం చూస్తారండీ. నా కొప్పు ఊరంతా చూసిందే" అంది మామ్మ.

"కొప్పు కాదండీ. తల."

మామ్మ తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. చెయ్యి వెనక్కి పెట్టి పిన్నులు ఒక్కొక్కటే తీసింది. కొబ్బరికాయంత కొప్పు చేతిలోకి వచ్చేసింది. నల్లటి సవరం. దాన్ని నూనె సీసా పక్కన బల్ల మీద పెట్టి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మెడ మీద మిగిలిన సొంత జుట్టు నా చిటికెనవేలంత ఉంది. పుట్టినప్పట్నుంచీ ఆవిడ పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలీదు. తర్వాత అమ్మనడిగితే, "నా పెళ్ళయిన వారానికే తెలుసు. ఆవిడ చెప్పలేదు, నేనడగలేదు" అంది.

"ఎప్పట్నుంచి రాలుతోందండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

"మా పెద్దోడు పుట్టినకాడ్నుంచి." అంటే మా నాన్న పుట్టినప్పట్నుంచి. "ఇంకో బుడ్డి రాస్తే వస్తాది, ఇంకో బుడ్డి రాస్తే వస్తాదని చూసేనండీ. నాకు రాలేదు. మా మనవరాలికి వచ్చింది. అందుకని నూనె మంచిదే, నా తలే మంచిది కాదనుకున్నాను."

మామ్మకీ పరీక్ష చేశారు. ఆవిడ రక్తం నాకన్నా తక్కువ ఉంది. ఆ వయసులో తక్కువైతే తిండి ఒక్కటే కారణం కాకపోవచ్చని ఇంకేవో పరీక్షలు కూడా చేయించి, ఏమీ లేదని తేల్చుకున్నాక డాక్టరమ్మ అడిగింది, మీరేం తింటారని. మామ్మ వరసగా చెప్పింది. పులుసు, మాగాయ, టీ. నా జాబితాకీ ఆవిడ జాబితాకీ తేడా బన్ను ఒక్కటే.

తిరుగు బస్సులో కొల్లేరు దాటేదాకా మామ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సవరం మళ్ళీ కొప్పులోకి వెళ్ళిపోయింది, నూనె సీసా సంచీలోకి వెళ్ళిపోయింది. చెరువు గట్ల మీద మనుషులు మేత బస్తాలు మోస్తున్నారు. ఆలపాడు దాటాక నా వైపు తిరిగి, "జుట్టు కూడా మన ఆడోళ్ళలాగేనంట. అన్నానికి ఆఖరి బంతి" అంది. నేను నవ్వాను. మామ్మ కూడా నవ్వింది, చెంగు అడ్డం పెట్టుకుని. ఆపైన మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఆవిడ తింటే నేను తింటాను, నేను తింటే ఆవిడ తింటుంది. ఎవరు మానేసినా రెండోవాళ్ళకి మానేసే హక్కుంటుంది.

ఇద్దరం మొండివాళ్ళం కాబట్టి ఒప్పందం నిలబడింది. నేను హాస్టలు నుంచి వారం వారం ఇంటికి వచ్చేదాన్ని. రాగానే మామ్మ నా కనురెప్ప లాగి చూసేది, నేనావిడ కనురెప్ప లాగి చూసేదాన్ని. వీధిలో వాళ్ళకి మేం కళ్ళ డాక్టర్లమైపోయామని అనుమానం వచ్చింది. పరిగెలు ముళ్ళతో సహా కరకరలాడించి తినేవాళ్ళం. అమ్మ మునగాకులో గుడ్డు కొట్టి వేయించేది, నువ్వుల చిమ్మిలి చేసి డబ్బాలో పెట్టి ఇచ్చేది. అసలు కష్టం తినడం కాదు, మామ్మని అందరితో పాటు కూర్చోబెట్టడం. కంచం ముందు పెట్టగానే ఏదో పని గుర్తొచ్చేది, కోళ్ళకి గింజలు వెయ్యాలనో, దొడ్డి తలుపు తీసి ఉందనో. ముక్క వేస్తే నాన్న కంచంలోకి తోసేసేది. నాన్న తిరిగి ఆవిడ కంచంలోకి తోసేవారు. ఒక బోచె ముక్క రెండు కంచాల మధ్య అంత దూరం ప్రయాణం చెయ్యడం నేనెక్కడా చూడలేదు. టీ మాన్పించడం ఇంకా కష్టమైంది. అన్నం తిన్న గంటన్నరకి గాని ఇవ్వమంటే, గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చునేది.

మూడు నెలల దాకా ఏమీ కనపడలేదు. రాలుతూనే ఉంది. తర్వాత రాలడం తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు అమ్మ తల దువ్వుతూ ఆగిపోయి, "ఇటు వెల్తురులోకి రా" అంది. పాపిడికి రెండు వైపులా, నారుమడిలో మొలకల్లాగా, పొట్టి వెంట్రుకలు నిటారుగా నిలబడి ఉన్నాయి. నూనె రాసినా అణగలేదు. ఆర్నెల్లు నా తల చుట్టూ వెలుగులాగా అవి లేచే ఉండేవి. మామ్మకి నల్లగా మొలవలేదు, వయసు మొలవనివ్వలేదు. కానీ మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది, చేతులు వెచ్చబడ్డాయి. "జుట్టుకోసం వెళ్తే కాళ్ళు వచ్చేయి" అనేది.

ఆ తర్వాత మామ్మ చేసిన పని నేనైతే చెయ్యలేకపోయేదాన్ని. ముందు టీచరమ్మ దగ్గరికి వెళ్ళింది. "మా పిల్లకి టైఫాయిడ్ రాలేదండీ. నేను అబద్ధం చెప్పేను. అది తిండి మానేసింది, నేను చూసుకోలేదు" అని చెప్పేసింది. తర్వాత నూనెకి వచ్చిన ప్రతి మనిషికీ సీసా చేతికిచ్చే ముందు చెప్పడం మొదలుపెట్టింది. "ఇది రాస్తే చిక్కు పడదు, మెరుస్తాది, తల చల్లగా ఉంటాది. మొలిపించేది మాత్రం ఇది కాదండీ, కంచం. మీరేం తింటన్నారో చెప్పండి." కొందరికి కోపం వచ్చింది. నూనెకి వస్తే అన్నం సంగతి అడుగుతోందని, టీవీలో చూపించే సీసాలకి వెళ్ళిపోయారు. కొందరు మాత్రం నూనె తీసుకున్నాక కూడా అక్కడే అరుగు మీద కూర్చుని, ఎవరు ఏ వరసలో తింటారో, తమకి ఏం మిగులుతుందో చెప్పుకుని వెళ్ళేవాళ్ళు. మామ్మ వాళ్ళని ఆకివీడు ఆసుపత్రికి రక్తపరీక్షకి పంపేది.

ఇప్పుడు మా కాలేజీలో ఆడపిల్లలు, మగపిల్లలు కూడా, జుట్టు రాలిపోతోందని నా దగ్గరికి వస్తారు. తెలుగు చెప్పే మనిషిని ఇదెందుకు అడుగుతారో తెలీదు, నా జడ చూసి అనుకుంటాను. ఒకమ్మాయి ఎలుగుబంటి ఆకారంలో తియ్యటి బిళ్ళలు చూపించింది, అవి చప్పరిస్తే జుట్టొస్తుందట. ఒకబ్బాయి ఫోనులో చూసి మూడు రకాల విటమిన్ మాత్రలు ఒకేసారి మింగుతున్నాడు. ఒంట్లో ఏది తక్కువో తెలీకుండా మింగకు బాబూ, కొన్ని విటమిన్లు ఎక్కువైనా జుట్టు రాలుతుంది, ముందు డాక్టరుగారికి చూపించుకో అంటాను. పొద్దున్నుంచి ఏం తిన్నావంటే, ఏమీ లేదు మేడమ్, కాఫీ అంటాడు. మా రోజులే గొప్పవని చెప్పబోయి ఆగిపోతాను. మా రోజుల్లో కొల్లేటి పరిగెలు గంపలకొద్దీ వచ్చేవి, నిజమే. వాటి మధ్యన కూర్చునే మామ్మ రక్తం లేకుండా నలభయ్యేళ్ళు బతికింది, నేను పిల్లిని మేపాను. ఇప్పటి పిల్లలకి పరిగెలు దొరకడం కష్టం, దొరికినా ముళ్ళు చూసి భయపడతారు. కానీ మా విద్యార్థినులు క్యాంటీనులో ఆకలేసినప్పుడు తింటారు, ఎవరు తిన్నాక తమ వంతా అని చూడరు. ఆ ఒక్కటీ చూసి మామ్మ సంతోషించేది.

మా జబ్బు సంగతి తెలిసిన ఏడాదికి చర్చిలో కోత పండగ వచ్చింది. పొలాలున్నవాళ్ళు బియ్యం, చెరువులున్నవాళ్ళు చేపలు ఇస్తే, ఆరాధనయ్యాక ఆవరణలో పందిరి కింద భోజనాలు. మొదటి బంతి సంఘపెద్దలు, మగవాళ్ళు. రెండోది పిల్లలు. మూడోది ఆడవాళ్ళు, అంటే వండినవాళ్ళు. విస్తళ్ళు వేసి మగవాళ్ళు కూర్చుంటున్నారు. గుంజ దగ్గర నిలబడి ఉన్న మామ్మ నా చెయ్యి పట్టుకుంది. నడుచుకుంటూ వెళ్ళి, సంఘపెద్దగారి పక్కన ఖాళీగా ఉన్న విస్తరి ముందు కూర్చుని, పక్కదాంట్లో నన్ను కూర్చోబెట్టింది. నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. వడ్డించే ఆయన బకెట్టుతో వచ్చి ఆగిపోయాడు.

"సారమ్మగారూ, ఇది మగాళ్ళ బంతండీ."

"ఆయ్, తెలుసండీ. డాక్టరమ్మ నాకు మందు రాసిందండీ. వేళకి పడాలంట."

"ఏం మందండీ?"

"బోచె ముక్క."

వడ్డించే ఆయన బకెట్టు కింద పెట్టాడు. ఆయన సంఘపెద్దగారి వైపు చూశాడు. సంఘపెద్దగారు తన విస్తరిలోకి చూసుకున్నారు. మామ్మ కదల్లేదు. ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉంది, నన్ను లేవనివ్వకుండా. అప్పుడు టీచరమ్మ ఆడవాళ్ళ గుంపులోంచి వచ్చి, "నాక్కూడా రక్తం తక్కువేనండీ" అని నా పక్కన కూర్చుంది. వెనకాల ఇంకొకావిడ, "నేను పరీక్ష చేయించుకోలేదు గానీ ఉండే ఉంటాదండీ" అంటూ చీర సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత ఎవరూ కారణం చెప్పలేదు. వరసగా వచ్చి కూర్చోవడమే. చోటు చాలక కొందరు మగవాళ్ళు లేచి నిలబడ్డారు. పాస్టరుగారు నవ్వు ఆపుకోవడానికి ప్రార్థన మొదలుపెట్టారు.

మామ్మ ఆ పూట రెండు ముక్కలు తింది. తల వంచుకుని, తొందర లేకుండా, ముల్లు ముల్లూ తీసి పక్కన పెట్టుకుంటూ తింది. లేచి నిలబడ్డ మగవాళ్ళు మూడో బంతిలో కూర్చున్నారు. వాళ్ళకి వడ్డించడానికి మా అమ్మ బకెట్టు పట్టుకుంది. అందులో ఒకాయన గరిటెలోకి తొంగి చూసి, "ముక్కలు లేవా అమ్మా?" అని అడిగాడు.

అమ్మ గరిటెతో బకెట్టు అడుగు దాకా కలిపి చూపించింది. "అయిపోయేయండీ. పులుసు వేసుకోండి, బావుంటాది" అంది.